మేక కొరికి చూసిన పూలతోట

గిద్దలూరులో బకెట్ ఎక్కడైనా దొరుకుతుంది. పగలదన్న నమ్మకంతో కొనాలంటే మాత్రం కోటిరత్నం పిన్ని ఇనుప సామాన్ల దుకాణానికే పోవాలి. ఆమె బకెట్ తెచ్చి మీ చేతికివ్వదు. మూడో మెట్టు మీద నిలబడి కిందికి విసిరేస్తుంది. అది దొర్లుకుంటూ పోయి రోడ్డు మధ్యన ఆగుతుంది. మీరే పోయి తెచ్చుకొని, సొట్ట పడిందో లేదో చూసుకోవాలి. తాళం కప్పనైతే ఇరవైసార్లు వేసి ఇరవైసార్లు తీస్తుంది. వెనక పదిమంది నిలబడి ఉన్నా ఒక్కటి కూడా తగ్గించదు.

ఎదురుగా నాది బట్టల కొట్టు. చీర అంచు పట్టుకొని, తీసుకుందామా వద్దా అని ఊగిసలాడే ఆడవాళ్లు సరిగ్గా తీసుకుందామనుకునే క్షణానికి అవతల బకెట్ ధడేలుమంటుంది. ఉలిక్కిపడి చీర వదిలేస్తారు. ఈ మాట నలభైసార్లు చెప్పాను. నీ చీరలు కూడా ఒకసారి గట్టిగా లాగి చూపించురా, నమ్మకంగా కొంటారు అంది. ఆమె నాకు సొంత పిన్ని కాదు, వరసకు పిన్ని. సొంత పిన్ని అయినా ఇంతకంటే ఎక్కువ విసిగించి ఉండేది కాదు.

నా ఖర్మకు నేను వాసవమ్మ గుడి కమిటీకి కార్యదర్శిని కూడా. అది పదవి అనుకునేరు. కుర్చీలు వేయించేదీ, షామియానా వాడితో పోట్లాడేదీ, మైకు పలకకపోతే తిట్లు తినేదీ నేనే. వైశాఖ మాసంలో, నిప్పులు చెరిగే ఎండల్లో మాకు వాసవీ జయంతి వస్తుంది. ఆ రోజు అమ్మవారికి పూల సేవ చేసే వంతు పన్నెండు కుటుంబాలది, ఏడాదికి ఒకరిది. వంతు వచ్చిన వాళ్ల గోత్రనామాలు అమ్మవారి ఎదుట అర్చకుడు చదువుతాడు. ఆ చదివే పేరు కోసం మావాళ్లు పన్నెండేళ్లు కాచుకుంటారు.

కోటిరత్నం పిన్ని ఇరవై నాలుగేళ్లు కాచుకుంది. పన్నెండేళ్ల కిందట ఆమె వంతు వచ్చిన నెలలోనే నాగేశ్వర్లు చిన్నాయన పోయినాడు. ఇంట్లో మైల. వంతు పక్కవాళ్లకు పోయింది. అప్పుడామెకు యాభై అయిదేళ్లు. ఈసారి అరవై ఏడు. ఆ తరువాతి వంతుకు డెబ్బై తొమ్మిది. అప్పటికి గుడి మెట్లు ఎక్కగలనో లేదో అని ఆమే అనేది. కాబట్టి ఈసారి తప్పితే ఆమె పేరు అమ్మవారు వినేది లేదు.

గొడవంతా పోయిన ఏడాది జయంతి నాడు మొదలైంది. ఎప్పటిలాగే పూలు బయటి నుంచి తెప్పించాం. దారిలో బండి చెడిపోయింది. మల్లెపూలు గుడికి చేరేసరికి టీ పొడి రంగులోకి తిరిగినాయి. వేరే దారి లేక ఆ దండే వేశాం. మర్నాడు కమిటీ మీటింగులో పిన్ని లేచి నిలబడింది.

"వచ్చే ఏడు వంతు నాది. కొన్న పువ్వు ఒక్కటి కూడా అమ్మవారి మీద పడదు. నా చేత్తో సాకిన చెట్ల పూలే పడతాయి. కాదూ కూడదంటే నా పేరు చదివించొద్దు."

మే నెలలో గిద్దలూరులో పూలు పూయిస్తానంటోంది. ఇక్కడ మే నెలలో పూసేది చెమటకాయలు మాత్రమే. వద్దు పిన్నీ, ఆలోచించి చెప్పు అన్నాను. రాసుకో అంది. "కొన్న పువ్వు పడదు" అని తీర్మానాల పుస్తకంలో రాసుకొని ఫ్యాను కిందికి జరిగాను. ఆ మొదటి ముక్క వరకే రాశాను. మిగతాది రాయడానికి పెన్నులో ఇంకు లేదు.

వారం తిరక్కుండానే కడియం నర్సరీ మొక్కల ఆటో ఆమె ఇంటి ముందు ఆగింది. ఆటోవాడు బంతి నారు చూపించాడు. ఒక్క సీజను పూసి చచ్చే సరుకు నాకెందుకు, ఒకసారి నాటితే పదేళ్లు ఎండకు నిలబడి పూసేవి చూపించు అంది. అతను మల్లె, కనకాంబరం, నందివర్ధనం, మందారం, నూరువరహాలు, గన్నేరు, బిళ్ళగన్నేరు, కాగితం పూలు, ఎడారి గులాబి, ఇంకా నాకు పేర్లు తెలియనివి దించాడు. ఆమె ఒక్కొక్క కుండీనీ ఎత్తి, అడుగున వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింది. మొక్కలో ఏం వినిపించిందో నాకిప్పటికీ తెలియదు.

మామూలు మనుషులు మొక్క తెస్తే నాటి నీళ్లు పోస్తారు. పిన్ని పరీక్షలు పెట్టింది. మొదటిది ఎండ. ప్రతి మొక్కనూ మిద్దె మీద దక్షిణం పక్కన రెండు రోజులు నీళ్లు లేకుండా ఉంచింది. రెండోది నీళ్లు. మా వైపు బోరు నీళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి, అందుకని వీధికొక వాటర్ ప్లాంటు ఉంటుంది. మంచినీళ్లు తీసుకున్నాక మిగిలే చవుడు నీళ్లు కాలువలోకి పోతాయి. ఆ నీళ్లే బిందెలతో మోయించి పోసింది. మంచినీళ్లు పోస్తే ఏ చెట్టయినా బతుకుతుంది, అందులో గొప్పేముంది అన్నది ఆమె వాదన.

మూడోది మేక. మా వీధికి పాలు పోసే భవాని ఊరి చివర రెండు బర్రెలు, పాతిక మేకలతో ఉంటుంది. పిన్ని ఆమెను అడిగి ఒక మేకను తెప్పించింది. నోరు ఊరుకోని మేకనే తెమ్మని ప్రత్యేకంగా చెప్పింది. అది కొరికాక పదిహేను రోజుల్లో తిరిగి చిగురు వేస్తే ఆ మొక్క పాసు. భవాని ఒక్కటే షరతు పెట్టింది. గన్నేరు తింటే మేక చస్తుంది కాబట్టి పేరులో గన్నేరు ఉన్న ఏ మొక్కా ఆ దొడ్డిలో ఉండకూడదు. గన్నేరు పోయింది. పాపం, పేరు కలిసినందుకు బిళ్ళగన్నేరూ పోయింది.

ఇక పరీక్షలో తప్పినవాటి సంగతి. నూరువరహాలు చవుడు నీళ్లకు పచ్చకామెర్లు వచ్చినట్లు పసుపు పచ్చగా తిరిగింది. నందివర్ధనం ఆకులు ముడుచుకుంది. కనకాంబరం తల వాల్చింది. మల్లెను మేక మొదలంటా నమిలింది. మందారం మూడింట్లోనూ తప్పింది. తప్పిన ప్రతి మొక్కనూ పిన్ని బయట అరుగు మీద పెట్టేసింది. దుకాణంలో అయితే చెడ్డ సరుకు కంపెనీకి వాపసు పోతుంది. ఆటోవాడు వాపసు తీసుకోనన్నాడు. పాలు పోసి వెళ్తున్న భవానిని పిలిచి, తీసుకుపోయి నీ మేకలకెయ్యి అంది.

మిగిలినవి కాగితం పూలు, ఎడారి గులాబి, ఒళ్లంతా ముళ్లున్న జెముడు జాతి మొక్క ఒకటి. పిన్ని వాటినే కొమ్మలు నరికి నాటి, ఇంకా నాటి, దొడ్డి గోడ నాలుగు వైపులా పెంచింది. నిజం చెప్పాలి, ఏప్రిల్ వచ్చేసరికి ఆ గోడను చూడడానికి జనం వచ్చేవాళ్లు. గులాబి రంగు, నారింజ, తెలుపు, కుంకుమ రంగు. ఊళ్లో తక్కిన దొడ్లన్నీ ఎండిపోయి బూడిద రంగులో ఉంటే ఆ ఒక్క గోడ కళ్లు చెదిరేలా ఉండేది. నేను కూడా మురిసిపోయాను. నలుగురితో మా పిన్ని అని చెప్పుకున్నాను. ఆ సంగతి ఆమెకు మాత్రం చెప్పలేదు, చెబితే ఇంకో నాలుగు బకెట్లు విసురుతుంది.

జయంతికి ఎనిమిది రోజులు ఉందనగా దండ కొలత చెప్పడానికి అర్చకుడు ఫణికృష్ణను వెంటబెట్టుకొని వెళ్లాను. పిన్ని దొడ్డి తలుపు తీసి పక్కకు జరిగి నిలబడింది, పెళ్లికూతుర్ని చూపించే తల్లిలాగా. ఫణికృష్ణ గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. చిన్నవాడు, మెతక మనిషి. నా వైపు చూశాడు, నేను చెబుతానేమోనని. నాకేం తెలుసు? నేను బట్టలమ్ముకునేవాణ్ణి.

"అమ్మా, శానా బాగున్నాయి. పందిరికి కడితే ఊరంతా చూస్తాది. కానీ అమ్మవారి మెడలోకి పనికొచ్చే పువ్వు దీంట్లో ఒక్కటీ లేదమ్మా."

ఆమెకు అర్థం కాలేదు. ఎందుకు పనికిరాదు, వాడతాయేమో చూడు, రాలతాయేమో చూడు అంది. ఫణికృష్ణ నెమ్మదిగా చెప్పాడు. కాగితం పువ్వుకు వాసన లేదు, పూజకు పెట్టే ఆచారం మన గుడిలో లేదు. ఎడారి గులాబి పేరు తను చదువుకున్న పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు. ముళ్ల మొక్క సంగతి అతను ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

ఇంత పెద్ద విషయం ఇంతమందిమి ఎట్లా మరిచిపోయామని మీరడగవచ్చు. నేనూ ఆ రాత్రంతా నన్ను నేను అదే అడిగి తిట్టుకున్నాను. చిన్నాయన పోయిన రోజు నుంచి పిన్ని పువ్వు ముట్టుకోలేదు. ఇంట్లో దేవుడికి దీపం, ఊదుబత్తి, అంతే. గట్టి సరుకు ఏరడం ఆమెకు నలభై ఏళ్లుగా తెలిసిన పని. ఆ పనే చేసింది. ఏ పువ్వు దేవుడికి, ఏ పువ్వు గోడకు అన్నది ఆమె చేతుల్లోంచి జారిపోయి పన్నెండేళ్లయింది. తక్కిన వాళ్లం ఆమె నోటికి భయపడి, బాగుంది బాగుంది అని తప్పుకున్నాం.

మర్నాడు పదింటికి కూడా ఇనుప దుకాణం తెరుచుకోలేదు. నా కొట్లో రెండు చీరలు ఎక్కువ అమ్ముడుపోయాయి. నాకేమీ సంతోషం కలగలేదు. ఇంటికి వెళ్లి తలుపు తోశాను. బయట నుంచి తెప్పిద్దాం, ఈసారి రెండు బండ్లు పెడదాం, ఎవరేమనుకున్నా నేను చూసుకుంటానన్నాను. ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. వద్దురా, కొన్న పువ్వు పడదని చెప్పినా కదా అంది. గొంతు ఎప్పటిలా లేదు. బతిమాలుతున్నట్లుగా ఉంది, అదీ నన్ను. 

అప్పుడే భవాని, ఆ రోజు ఆలస్యంగా, పాలు తెచ్చింది. గిన్నెలో పోయడానికి వంగింది. జడలో మూరెడు దండ. మల్లెలు, మధ్య మధ్య కనకాంబరాలు. ఈ ఎండల్లో, పొద్దెక్కినా తాజాగా. పిన్ని గిన్నె వదిలేసి ఆ జడనే చూసింది.

"ఏడ కొన్నావే ఇవి?"

"కొనేదేంది పెద్దమ్మా? మేకలకెయ్యమని నువ్విచ్చిన చెట్లవే కదా."

స్కూటర్ మీద పిన్నిని ఎక్కించుకొని భవాని ఇంటికి పోయాను.  అక్కడ చూద్దుము కదా, బర్రెలు తాగే తొట్టి పక్కన, నీళ్లు పొర్లి పారే చోట, చుట్టూ ముళ్లకంప కంచె మధ్య వరసగా ఉన్నాయి మా పరీక్ష తప్పినవన్నీ. మల్లె పొద నడుము ఎత్తున ఉంది. కనకాంబరాలు గుత్తులు గుత్తులు. మధ్యాహ్నం ఎండ పడకుండా నందివర్ధనానికి పాత గోనెపట్టా ఒకటి కట్టి ఉంది. నూరువరహాలు కూడా ఆకుపచ్చగా తిరిగి, ఎర్రగా రెండు గుత్తులు పూసింది. కుండీ అడుగున తట్టి విన్నప్పుడు ఇవేవీ ఇంత మాట చెప్పలేదు.

ఇవెట్ల బతికినాయే అని పిన్ని అడిగింది.

"పేడ ఏసినా, నీళ్లు పోసినా. చెట్టుకు పరీక్ష పెడతారా పెద్దమ్మా యాడన్నా?" భవాని నవ్వింది.

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు.  పిన్ని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమె ఇబ్బంది నాకు అర్థమయింది. కొనకూడదు కాబట్టి ధర అడగలేదు. ధర అడగకుండా ఎవరి దగ్గరా ఏదీ తీసుకున్న మనిషి కాదు. పెళ్లిపత్రిక ఇచ్చిన వాళ్లక్కూడా ఒక మేకు చేతిలో పెట్టి పంపే రకం. ఎట్లా అడగాలో తెలియక ఎండలో అట్లాగే నిలబడింది. నేను కలగజేసుకుందామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"భవానీ, అమ్మవారికి పూలు కావాల. ఇస్తావా?"

భవాని కొంచెంసేపు ఆటపట్టించింది. మేకలకిచ్చిన సొమ్ము, వాటినే అడగాలేమో అంది. పిన్ని నిజంగానే మేకల వైపు చూసింది. ఆ మొహం చూశాక భవాని నవ్వు ఆపేసి, జయంతి రోజు తెల్లవారే రమ్మంది, మొగ్గ విచ్చకముందే కోస్తే దండ నిలుస్తుందని చెప్పింది.

జయంతి నాడు ఇద్దరూ గుడి అరుగు మీద కూర్చుని దండ కట్టారు. పిన్ని వేళ్లు మొదట్లో మొరాయించాయి. గొలుసుల కొక్కేలు తిప్పిన వేళ్లు కదా, మల్లెమొగ్గ వాటిలో నలిగిపోయేది. భవాని తిట్టేది, మెల్లగా, మెల్లగా అని. ఆ పిల్ల చేత తిట్లు తింటూ కూర్చున్న మా పిన్నిని చూడడానికి నేను మైకు పని కూడా వదిలేసి నిలబడ్డాను. దొడ్డి గోడ మీది కాగితం పూలన్నీ కొమ్మలతో సహా నరికి తెచ్చి పందిరికి కట్టించాం. అమ్మవారి మోకాళ్ల దాకా దండ వచ్చింది. ఫణికృష్ణ కళ్లకద్దుకొని తీసుకున్నాడు.

సంకల్పానికి గోత్రనామాల చీటీ రాసేది నేనే. నాగేశ్వర్లు, కోటిరత్నం అని గుండ్రంగా రాసి, ఆమెకు చూపించాను. సంతోషిస్తుందనుకున్నాను. చీటీ తీసుకొని చాలాసేపు చూసింది. మడిచి తన చేతిసంచిలో పెట్టుకుంది.

"ఇంకోటి రాయి. భవాని పేరు రాయి."

నాకు ఒళ్లు మండింది. కొన్న పువ్వు పడదన్నావు, పడలేదు. తీర్మానాల పుస్తకంలో అంతే ఉంది, కావాలంటే తెచ్చి చూపిస్తా, ఇరవై నాలుగేళ్లు కాచుకొని ఇప్పుడీ పిచ్చి ఏంది అని గట్టిగానే అరిచాను. పక్కనున్న వాళ్లు తిరిగి చూశారు.

"పుస్తకంలో నువ్వేం రాసుకున్నావో నాకెందుకురా? నేనేమన్నానో నాకు తెలుసు. నా చేత్తో సాకిన చెట్లన్నా. నేను సాకలేదు. పారేసినా. సాకింది ఆయమ్మి."

రాశాను. నా చేతిరాత అంత వంకరగా ఎప్పుడూ రాలేదు. ఎందుకో చెప్పకుండా భవానిని గోత్రం అడిగితే మాకవన్నీ ఏడ తెలుసన్నా అంది. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చదువుతామని ఫణికృష్ణ అన్నాడు. వెనక ఇద్దరు పెద్దమనుషులు గొంతు సవరించుకున్నారు, మన గుడిలో మేకలు కాసే వాళ్ల పేరా అన్నట్లు. ఆ కోపమంతా వాళ్ల మీద తీర్చుకున్నాను. పోయిన ఏడు వాడిపోయిన దండ వేసినప్పుడు రాని దగ్గు ఇప్పుడెందుకు వచ్చిందని మైకులోనే అడిగేశాను. మైకు ఆ రోజు బ్రహ్మాండంగా పలికింది.

పేరు చదివినప్పుడు భవాని స్తంభం వెనక పాల క్యాను పట్టుకొని నిలబడి ఉంది. మైకులో వినిపించింది తన పేరేనని ఆమెకు తెలియలేదు. ఇంకెవరో భవాని అనుకొని అటూ ఇటూ చూసింది. పిన్ని వెళ్లి ఆమె చేతిలోని క్యాను తాను తీసుకొని, భుజం పట్టి ముందుకు నెట్టింది. నిన్నేనమ్మా, పో అంది. భవాని గర్భగుడి ఎదుట చేతులు జోడించి, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది. పిన్ని పాల క్యాను గుండెకు ఆనించుకొని వెనకే నిలబడిపోయింది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఇంటికి తీసుకుపోతూ స్కూటర్ మీద ఉండబట్టలేక అడిగాను, బాధగా ఉందా పిన్నీ అని.

"ఉంది. ఎందుకుండదు?" అంది. కొంతదూరం పోయాక మళ్లీ తనే అంది. "నా పేరు చదివించుకొని ఉంటే, రోజూ పొద్దున పాలు పోయించుకునేటప్పుడు ఆ పిల్ల మొహం ఎట్ల చూసేదాన్నిరా?"

 ఇంటి ముందు దిగి, దొడ్డి తలుపు తీసింది. కొమ్మలన్నీ నరికేసిన గోడ బోసిగా ఉంది. చేతిసంచిలోంచి చీటీ తీసి, లోపల దేవుడి గూట్లో చిన్నాయన ఫోటో ముందు పెట్టింది. తన పేరు, ఆయన పేరు పక్కపక్కన ఉన్న ఆ చీటీని ఒకసారి తనే పైకి చదువుకుంది, గోత్రంతో సహా.